పరీక్షకు వెరువని విశ్వాసము
(లియొనార్డ్ ఆయిలర్ జీవితము)



ఈ నెల ధ్యానమునకు అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలోని అయిదవ అధ్యాయమును తెరచి చదువుకొనుడి. అందు ఇరువదియొకటవ వచనములో ఆయన విశ్వాసులకు ఒక చిన్న హితవు చెప్పుచున్నాడు. వినిన ప్రతి సంగతిని తరచి చూడవలెననియు, అందులో నిలువదగిన మేలును విడువక పట్టుకొనవలెననియు దాని భావము. ఆ హితవును బ్రదుకంతయు నడచి చూపిన ఒక పాదిరిగారి కుమారుని చరిత్రమును మీకు వినిపింప గోరుచున్నాము. దానికి ముందు, ఈ చరిత్ర మాకెట్లు జ్ఞాపకమునకు వచ్చినదో చెప్పవలెను.

కళాశాలలు తెరచిన దినములలో మా సంఘ పెద్దలలో ఒకరు, సేద్యము చేసికొను గృహస్థుడు, తన పెద్ద కుమారుని హైదరాబాదులో గణితశాస్త్రము చదువుటకు చేర్పింప బోవుచు మమ్మును తోడు రమ్మనెను. శనివారము నాంపల్లి స్టేషనులో దిగి పిల్లవానిని వసతిగృహములో చేర్చితిమి. మరునాటి ఉదయము ఆబిడ్సులోని సెయింట్ జార్జి దేవాలయమున ఆరాధించి వెలుపలికి వచ్చితిమి. ఆరవ నిజాము కాలమున ఆల్బర్ట్ ఆబిడ్ అను నతడు నడిపిన దుకాణము పేరే ఆ పేటకు నిలిచినదని చెప్పుదురు. ఆదివారము దుకాణములు మూసియుండగా వాటి ముందరి కాలిబాటల మీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. పిల్లవాడు అందులో ఒక పాత లెక్కల పుస్తకము ఏరుకొని, జేబులోని ఫోనును అమ్మువాని అట్టముక్క మీది గుర్తుకు చూపి, క్షణములో వెల చెల్లించెను.

తండ్రి అది చూచి, నడుమ దొంగ యెవడైన ఆ డబ్బు త్రోవలో పట్టుకొనడా యని అడిగెను. పట్టుకొనలేడనియు, అటువంటి తాళములలో కొన్ని మిక్కిలి పెద్ద సంఖ్యలతో చేయబడునవనియు, ఆ సంఖ్యలను విడదీయుట ఎవరికిని చేతకాదనియు పిల్లవాడు చెప్పెను. తండ్రి మారు పలుకలేదు. సాయంకాలము నాంపల్లి ప్లాటుఫారము మీద బల్లపై కూర్చుండి బండి కొరకు కనిపెట్టుచుండగా తన మనస్సులోని మాట బయట పెట్టెను. ఆ బిడ్డ పుట్టినప్పుడు వానిని వాక్యపరిచర్యకు ఇచ్చెదనని ఆయన మ్రొక్కుకొనెనట. ఇప్పుడు వాడు లెక్కల వెంట పోవుచున్నాడు. తాను దేవునికిచ్చిన మాట తప్పినట్లేనా, లెక్కలలో పడిన వాడు దేవునికి దూరమగునా అని ఆయన దుఃఖము. పిల్లవాడు ప్రక్కనే తలవంచుకొని కూర్చుండెను. బండి ఆలస్యమగుటచేత మాకు గంటన్నర కాలము దొరకెను. ఆ బల్లమీద మేము చెప్పిన చరిత్రమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

లియొనార్డ్ ఆయిలర్ 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశములోని బాసెల్ పట్టణమున జన్మించెను. తండ్రి పౌలు ఆయిలర్ సంస్కరణ సంఘపు పాదిరి. తల్లి మార్గరెత కూడ పాదిరి కుమార్తెయే. బిడ్డ పుట్టిన మరుసటి సంవత్సరమే ఆ కుటుంబము సమీపమందున్న రీహెన్ అను గ్రామమునకు మారెను. అచ్చట తండ్రి కాపరిగా నుండెను. కనుక ఆయన బాల్యము పల్లెటూరి పాదిరి ఇంటిలో, కుటుంబ ప్రార్థనలు వినుచు గడచినది. తండ్రి తన యౌవనమున యాకోబు బెర్నూలీ అను గొప్ప పండితునియొద్ద లెక్కలు వినియుండెను గనుక కుమారునికి మొదటి లెక్కలు తానే నేర్పెను. అయితే తన వలెనే కుమారుడును సంఘకాపరి కావలెనని ఆయన కోరిక.

పదమూడేండ్ల వయస్సున, 1720లో, బాలుడు బాసెల్ విశ్వవిద్యాలయమున చేరెను. తండ్రి చెప్పిన ప్రకారము దైవశాస్త్రమును, గ్రీకు హెబ్రీ భాషలను అభ్యసింప మొదలుపెట్టెను. కాని యోహాను బెర్నూలీ అను ఆచార్యుడు (ముందు చెప్పిన యాకోబునకు తమ్ముడు) శనివారము మధ్యాహ్నములు అతనికి సెలవిచ్చి, వారమంతయు తాను చదివి గ్రహింపలేకపోయిన సంగతులను వచ్చి అడుగుమనెను. బాలుడు అడుగవలసినవి తక్కువగా నుండవలెనని వారమంతయు తానే శ్రమించుచుండెడివాడు. ఆచార్యుడు అతని బుద్ధిని చూచి, ఈ కుమారుని గణితమునకు విడిచిపెట్టుమని తండ్రిని వేడెను. తండ్రి ఒప్పుకొనెను. పాదిరిగారు తన యాశను తన చేతులతోనే విడిచిపెట్టుట సులభమైన పని కాదు. హన్నా సమూయేలును దేవాలయమునకు తీసికొనివచ్చి విడిచెను. ఈ తండ్రి తన సమూయేలును దేవాలయపు గుమ్మము దాటి వెలుపలికి పోనిచ్చెను. అయినను ఇద్దరును బిడ్డను దేవుని చేతికే అప్పగించిరి.

ఇరువది యేండ్ల వయస్సున, 1727లో, ఆయిలర్ రష్యా దేశమునకు పోయి సెయింట్ పీటర్స్‌బర్గు నగరములోని విద్వత్పరిషత్తులో పని కుదుర్చుకొనెను. 1734లో కతరీన గ్సెల్ అను చిత్రకారుని కుమార్తెను వివాహమాడెను. వారికి పదమూడుగురు బిడ్డలు కలిగిరి. అందులో అయిదుగురు మాత్రమే బాల్యము దాటి బ్రదికిరి. ఎనిమిది చిన్న సమాధుల దుఃఖము ఆ యింట ఉండెనని మరువరాదు.

ఇప్పుడు ఆయన చేసిన పనులలో ఒకదానిని వివరించెదము. పిల్లలకును పెద్దలకును తెలియునట్లు మన క్రిస్మసు ప్రేమవిందునే తీసికొందము. తొంబదియొక్క మంది భోజనమునకు వచ్చిరనుకొనుడి. వారిని ఏడు పంక్తులలో, పంక్తికి పదముగ్గురు చొప్పున సమముగా కూర్చుండబెట్టవచ్చును. ఏడును పదమూడును తొంబదియొకటికి కారణాంకములు. తొంబదియేడుగురు వచ్చినచో ఎట్లు తిప్పినను సమమైన పంక్తులు కుదురవు. ఒకే పొడుగు పంక్తిగా కూర్చుండవలసినదే. అటువంటి సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. పంక్తులుగా విడిపోవు దానిని సంయుక్త సంఖ్య యందురు. తొంబదియొకటి పైకి చూచుటకు విడిపోని దానివలె కనబడును. చేయిపెట్టి విడదీసి చూచినప్పుడే దాని సంగతి బయటపడును.

ఆయిలరుకు ముందు ఫ్రాన్సు దేశమున ఫెర్మా అను న్యాయాధికారి యుండెను. లెక్కలలో ఆయన మాటకు ఎదురులేదు. రెండును ఒక మారు, రెండు మారులు, నాలుగు, ఎనిమిది, పదునారు మారులు వేసి గుణించి, వచ్చినదానికి ఒకటి చొప్పున కలుపగా 3, 5, 17, 257, 65,537 అను సంఖ్యలు వచ్చును. ఇవి అయిదును ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఎంత దూరము పోయినను అన్నియు ప్రధాన సంఖ్యలే యగునని 1640 ప్రాంతమున ఫెర్మా నమ్మెను. రుజువు మాత్రము తనయొద్ద లేదని ఆయనే ఒప్పుకొనెను. ఆరవ సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దానిని విడదీయుట ఎవరికిని సాధ్యము కాలేదు. తొంబదియేండ్లు ఆ మాట అట్లే నిలిచినది. గొప్పవాడు చెప్పెను గనుక నిజమై యుండునని లోకము ఊరకుండెను.

1729 డిసెంబరులో గోల్డ్‌బాఖ్ అను స్నేహితుడు, ఈ మాట నిజమేనా అని ఆయిలరుకు జాబు వ్రాసెను. మొదట ఆయిలర్ అంతగా లక్ష్యపెట్టలేదు. పిమ్మట ఆ ప్రశ్న ఆయనను విడువలేదు. 1732లో, ఇరువదియైదేండ్ల వయస్సున, ఆ మహాసంఖ్యను 641 సరిగా భాగించునని కనుగొనెను. రెండవ కారణాంకము 67,00,417. మన బిడ్డలు కాగితము తీసికొని ఈ రెంటిని గుణించి చూచుకొనవచ్చును; పావుగంట పని. ఫెర్మా మాట ఆ దినముతో పడిపోయెను.

ఇది అదృష్టమువలన తగిలిన సంఖ్య కాదు. ఒక్కొక్క ప్రధాన సంఖ్యను వరుసగా తీసికొని భాగించి చూచువాడు, కారణాంకము దొరకనిచో, 6,542 సంఖ్యలతో శ్రమపడిన గాని పని ముగించలేడు. అయితే ఈ మహాసంఖ్యకు కారణాంకము కాదగిన ప్రధాన సంఖ్య ఏదైనను, దానిని 64తో భాగించినప్పుడు తప్పక ఒకటి మిగులవలెనని ఆయిలర్ తరువాతి వ్యాసములో రుజువు చేసెను. ఆ గుర్తుగల ప్రధాన సంఖ్యలు మొదటినుండి 193, 257, 449, 577, 641. అయిదవదే ఫలించినది. వేల తలుపులు తట్టవలసిన చోట ఏ తలుపులు తట్టవలెనో ముందుగా ఆలోచించుటయే ఆయన జ్ఞానము. పొలములో పోయిన ఉంగరము కొరకు పొలమంతయు త్రవ్వు వాడొకడు. ఏ సాలులో పనిచేయుచుండగా జారినదో జ్ఞాపకము చేసికొని అచ్చట వెదకువాడొకడు.

641ను ప్రకటించిన మొదటి వ్యాసములోనే ఆయిలర్ తానును ఒక చోట పొరబడెను. రెండును 41 మారులు గుణించి ఒకటి తీసివేసిన సంఖ్యయు, 47 మారులు గుణించి ఒకటి తీసివేసిన సంఖ్యయు ప్రధాన సంఖ్యలే యని ఎంచెను. అవి ప్రధాన సంఖ్యలు కావు. మొదటిదానిని 13,367 భాగించును. రెండవదానిని 2,351 భాగించును. ఒకని తప్పు పట్టిన చేతితోనే తానును తప్పు వ్రాసెను. మనుష్యులలో ఎంతవానినైనను పరీక్షింపక నమ్మరాదనుటకు ఇది సాక్ష్యము. ఆయిలరును పరీక్షించుట ఆయిలర్ నేర్పిన పాఠమే.

తరువాతి దినములు ఆయనకు శరీరమందు కష్టదినములు. 1735లో కఠినమైన జ్వరము వచ్చి ప్రాణముమీదికి తెచ్చెను. 1738 నాటికి కుడికంటి చూపు పోయెను. 1741లో ప్రష్యా రాజైన ఫ్రెడరిక్ పిలువగా కుటుంబముతో బెర్లిను నగరమునకు పోయెను. ఆ రాజసభలో దేవుని వాక్యమును పరిహసించుట చదువుకు గురుతుగా నుండెను. రాజు స్వయముగా ఆయన ఒంటికంటిని ఎగతాళి చేయుచుండెడివాడు. ఆయిలర్ సభలో చతురముగా మాటాడ నేర్చినవాడు కాడు. కాని ప్రతి రాత్రి తన పిల్లలను, ఇంటి సేవకులను, తన ఇంట నుండి చదువుకొను శిష్యులను చేర్చి, పరిశుద్ధ గ్రంథములో ఒక అధ్యాయము చదివి ప్రార్థన చేయు పల్లెటూరి పాదిరి ఇంటి అలవాటును ఆ రాజధానిలో విడువలేదు. 1747లో దైవ ప్రత్యక్షతను అవిశ్వాసుల ఆక్షేపణలనుండి సమర్థించుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. లెక్కలలో సైతము కొన్ని చిక్కులు కనబడినంత మాత్రమున ఆ శాస్త్రమునంతటిని త్రోసివేయము గదా, మరి లేఖనములలో గ్రహింపరాని సంగతులు కొన్ని యున్నవని వాటిని త్రోసివేయుట న్యాయమా అని ఆయన వాదము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. ఆయిలరును గూర్చి ప్రసంగములలో తరచుగా చెప్పబడు కథ యొకటి యున్నది. డిడెరో అను ఫ్రెంచి నాస్తికుడు రష్యా రాణి సభకు వచ్చినప్పుడు ఆయిలర్ అర్థములేని ఒక సమీకరణము చెప్పి, కనుక దేవుడున్నాడనెననియు, లెక్కలు రాని డిడెరో సిగ్గుపడి పారిపోయెననియు ఆ కథ. అది నమ్మదగినది కాదు. ఆయిలర్ చనిపోయిన చాల కాలమునకు అది అచ్చులోనికి వచ్చినది. మీదుమిక్కిలి డిడెరో గణితము తెలిసినవాడు, 1748లో గణిత విషయములమీద గ్రంథమే ప్రకటించినవాడు. మేమును ఒకప్పుడు ఈ కథను వేదికమీద చెప్పితిమి. ఇప్పుడు దానిని విడిచితిమి. సత్యస్వరూపియైన దేవునికి అబద్ధపు సాక్షి అక్కరలేదు. వంచించి ఎదుటివాని నోరు మూయుట ఆయిలర్ బ్రదుకునకు తగిన పనియు కాదు.

1766లో ఆయన తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గునకు వచ్చెను. కొలది కాలములోనే మిగిలిన ఎడమకంటికి శుక్లము కమ్మెను. 1771లో శస్త్రచికిత్స చేయగా కొన్ని దినములు చూపు వచ్చి, పుండుపడి మరల పోయెను. ఆ సంవత్సరమే నగరములో అగ్ని లేచి ఆయన ఇల్లు కాలిపోయెను. పీటర్ గ్రిమ్ అను స్వదేశపు పనివాడొకడు మంటలలోనికి దూరి ఆ గ్రుడ్డివానిని భుజములమీద మోసికొని బయటికి తెచ్చెను. వ్రాతప్రతులలో ఎక్కువ భాగము దక్కెను. 1773లో, ఇంచుమించు నలుబది యేండ్లు తోడుగా నుండిన భార్య మరణించెను. యోబు గ్రంథము మొదటి రెండు అధ్యాయములు చదువుడి. బిడ్డలు, ఆస్తి, శరీరారోగ్యము అను మూడింటిని యోబు పోగొట్టుకొనెను. ఈ మనుష్యుడును ఆ మూడింటిలో దెబ్బ తినెను. ఆయన దేవుని దూషింపలేదు, పనియు మానలేదు.

పని మానకపోవుట మాత్రమే కాదు, చూపు పోయిన తరువాతనే ఆయన వ్రాతలలో ఇంచుమించు సగము పుట్టినవి. పలకమీద పెద్ద అక్షరములు వ్రాయుచు, నోటితో చెప్పుచు, కుమారులచేతను శిష్యులచేతను వ్రాయించుచుండెడివాడు. బీజగణితమును గూర్చిన గ్రంథమును దర్జీ పని నేర్చిన ఒక కుర్రవానిచేత వ్రాయించెను. ఆ కుర్రవానికి ముందు లెక్కలు అంతగా తెలియవు. వాడు వ్రాయుచునే ఆ శాస్త్రమును నేర్చుకొనునంత తేటగా ఆయన చెప్పెను. 1770లో ఆ గ్రంథము జర్మను భాషలో అచ్చుపడెను.

1772లో ఆ చీకటిలోనుండియే మరియొక సంఖ్యను పరీక్షించినట్లు ఆయన జాబు వ్రాయించెను. రెండును 31 మారులు గుణించి ఒకటి తీసివేయగా వచ్చు 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అనునది ఆ సంఖ్య. దానికి కారణాంకములు కాదగిన సంఖ్యల గుర్తులను మొదట కనుగొని, ఆ గుర్తులు గలవాటిని 46,339 వరకు పరీక్షించి, ఏదియు దానిని భాగింపదనియు, అది ప్రధాన సంఖ్య యనియు నిశ్చయించెను. అటుతరువాత సుమారు ఎనుబదియేండ్ల వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్యను లోకము ఎరుగదు. యౌవనమున కన్నులతో ఒక సంఖ్యను విడదీసెను. ముదిమియందు కన్నులు లేక మరియొక సంఖ్య విడిపోదని స్థాపించెను. రెండు పనులకును ఒకే ఓపిక.

1783 సెప్టెంబరు 18వ తేదీన ఆయన ఎప్పటివలె పని చేసెను. క్రొత్తగా కనుగొనబడిన యురేనస్ గ్రహపు త్రోవను గూర్చి స్నేహితులతో మాటాడెను. సాయంకాలము అకస్మాత్తుగా వ్యాధి తగిలి, కొన్ని గంటలలో ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరములు. ఆయన వ్రాసిన గ్రంథములు, వ్యాసములు ఎనిమిది వందల యరువదికి పైగా లెక్కింపబడినవి.

ఇంతవరకు చెప్పునప్పటికి ప్లాటుఫారము మీద దీపములు వెలిగించిరి. అయితే ఆబిడ్సులో బిడ్డ చేసిన చెల్లింపునకును ఆయనకును సంబంధమేమని తండ్రి అడిగెను. మేము చెప్పినది ఇది.

నువ్వులును ఆవాలును ఒక చేటలో కలుపుట చిటికెలో పని. మరల వేరుచేయుట దినమంతయు పని. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించుటయు అట్టిదే. గుణించుట సులభము, గుణించగా వచ్చిన సంఖ్యను మాత్రమే చూచి ఆ రెండు ఏవో కనుగొనుట మిక్కిలి కష్టము. 1977లో అమెరికాలో రివెస్ట్, షామిర్, ఏడిల్‌మన్ అను మువ్వురు పండితులు ఈ కష్టమునే తాళముగా మార్చిరి. గుణించి వచ్చిన సంఖ్యను అందరికిని బహిరంగముగా ఇత్తురు. దానితో ఎవరైనను తాళము వేయవచ్చును. దానిలో దాగిన రెండు సంఖ్యలను ఎరిగినవాడే తాళము తీయగలడు. ఆ తాళము చక్కగా తెరచుకొనునని చూపుటకు ఆధారము 1763లో అచ్చుపడిన ఆయిలర్ సిద్ధాంతమే. తన లెక్క బ్యాంకి కార్డులలోనికి వచ్చునని ఆయన కలలోనైన ఎరుగడు. సత్యమని దానిని వెదకెను; రెండు వందల యేండ్ల తరువాత అది పేదవాని సొమ్మునకు కాపలా యయ్యెను.

ఆ సంవత్సరమే 129 అంకెలుగల ఒక సంఖ్యను పందెముగా పెట్టిరి. 1994లో సుమారు ఆరువందల మంది స్వచ్ఛందముగా తమ యంత్రములను కలిపి ఎనిమిది నెలలు పనిచేసి దానిని విడదీసిరి. 2020లో 250 అంకెల సంఖ్య విడదీయబడినది. ఆ పనిని ఒక్క యంత్రములోని ఒక్క భాగమే చేయవలసియుండినచో సుమారు 2,700 సంవత్సరములు పట్టెడిది. వాడుకలో నున్న తాళపు సంఖ్యలకు ఆరువందలకు పైగా అంకెలుండుట సామాన్యము. ఈ వెదకుటలో మన తెలుగుసీమకును పాలు కలదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వి. రామస్వామి అను గణితాచార్యుడు, పెద్ద ప్రధాన సంఖ్యలు కారణాంకములుగా లేని సంఖ్యలు ఎన్ని యుండునో లెక్కించు మార్గమును గూర్చి 1949లో వ్యాసములు ప్రకటించెను. ఇప్పుడు మహాసంఖ్యలను విడదీయువారు అటువంటి సంఖ్యలనే పోగుచేసి తమ పని సాగింతురు.

ఈ తాళములును నిత్యమైనవి కావు. క్రొత్త విధమైన యంత్రము సిద్ధమైనయెడల ఇట్టి సంఖ్యలను త్వరగా విడదీయవచ్చునని 1994లోనే పీటర్ షోర్ అను పండితుడు చూపెను. అందుచేత వేరు తాళములను ఇప్పుడే సిద్ధపరచుచున్నారు. మనుష్యుడు వేసిన తాళము మనుష్యునికే ఎన్నటికైన లోబడును. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము మనకు జ్ఞాపకము చేయుచున్నట్లు, దేవుని యెదుట ఏ సృష్టమును మరుగుపడి యుండదు. ఆరువందల అంకెల సంఖ్యయు, నరుని హృదయమును ఆయనకు విప్పబడియే యున్నవి.

ప్రియులారా, మన సంఘములలో రెండు భయములు కలవు. చదువుకొన్న బిడ్డ ప్రశ్నలడుగునని తలిదండ్రుల భయము. ప్రశ్నలడిగినచో అవిశ్వాసి యందురని బిడ్డల భయము. ఆయిలర్ ఫెర్మా మాటను ప్రశ్నించినది ఫెర్మాను అవమానపరచుటకు కాదు, సత్యమును కనుగొనుటకు. పరీక్షలో పడిపోవునది సత్యము కాదు. సత్యము పరీక్షలో తేలి నిలుచును. బెరయవారు పౌలు బోధనే లేఖనములతో సరిచూచుకొనగా, అపొస్తలుల కార్యములు వారిని ఘనులని మెచ్చుకొనుచున్నది. మన యింటి బిడ్డ అడుగు ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు కోపగింపక, తెలియదని చెప్పి, కలిసి వెదకుదము.

రెండవది, వాక్యపరిచర్య ఘనమైనది. దానికి పిలువబడినవారు వెనుదీయరాదు. కాని వేదిక ఎక్కనివాడు దేవుని పొలములో లేడని తలంపరాదు. రీహెన్ గ్రామపు పాదిరి తన కుమారుని పోగొట్టుకొనలేదు. ఆ కుమారుడు రాజసభలోను, చీకటిలోను, కాలిన ఇంటి బూడిదలోను తండ్రి నేర్పిన ప్రార్థననే చేసెను.

బండి వచ్చినది. మా సంఘ పెద్ద కుమారుని తలమీద చేయి ఉంచెను గాని ఏమియు పలుకలేదు. ఆయన మ్రొక్కుబడి సంగతి ఆయనకును దేవునికిని మధ్యనున్నది. మేము తీర్పు చెప్పువారము కాము. అయితే ఊరు చేరిన తరువాత ఒక సంగతి చూచితిమి. రాత్రి భోజనమైన పిమ్మట ఆయన ఇంట ఫోను మ్రోగును. హైదరాబాదు వసతిగృహములో కుమారుడు గ్రంథము తెరచును. ఇచ్చట తలిదండ్రులును చెల్లెండ్రును దీపము చుట్టు చేరుదురు. ఒక అధ్యాయము చదువుదురు. మొన్న అడిగితిమి గదా, యోబు గ్రంథము ముగించి కీర్తనలు మొదలుపెట్టినారట.

ప్రార్థన: సర్వమును ఎరిగిన తండ్రీ, మా బిడ్డలకు వెదకు బుద్ధిని, వెదకుటలో ఓపికను, దొరకిన సత్యమునకు లోబడు మనస్సును దయచేయుము. మా కన్నులు మసకబారినను మా చేతి పని నీ యెదుట నిలుచునట్లు కృప చూపుము. ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.